స్లైడర్ తాబేలుకి యూవీబీ లైటు కొనాల్సిందేనా, హైదరాబాద్ ఎండ చాలదా?

కూకట్‌పల్లి ఫ్లాట్:
మా దగ్గర ఎర్ర చెవుల స్లైడర్ ఉంది, డిప్ప పొడవు 5 అంగుళాలు. 2 అడుగుల గాజు ట్యాంకు, బోరు నీళ్లు, చిన్న స్పాంజ్ ఫిల్టరు. ఈమధ్య డిప్ప మీద తెల్ల మచ్చలు వస్తున్నాయి, అంచుల్లో పలకలు పొరలుగా లేస్తున్నాయి. యూవీబీ లైటు (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు ఇచ్చేది) పెట్టకపోతే డిప్ప మెత్తబడిపోతుందని షాపతను టెన్షన్ పెట్టాడు. మా బావగారేమో ఈ ఊళ్లో ఎండని డబ్బులిచ్చి కొనడమేంటి అంటున్నారు. బాల్కనీ తూర్పు వైపు, పొద్దున ఎండ వస్తుంది, కాకపోతే పావురాలు రాకుండా వల కట్టించాం, ట్యాంకు గాజు తలుపుకి లోపలి వైపు ఉంది. ఎవరి మాట వినాలి?

పెరటి తొట్టి, వరంగల్:
మీ బావగారి మాటే వినండి. మా పెరట్లో సిమెంటు తొట్టి, మధ్యలో ఎక్కి కూర్చోవడానికి బండ, ఏళ్ల తరబడి ఒక్క లైటూ పెట్టలేదు. డిప్ప గట్టిగా, చదునుగా ఉంది. లైట్లు చలి దేశాల వాళ్ల అవసరం. షాపుల వాళ్లకి అమ్ముకోవడం కావాలి, అంతే.

ట్యాంకు పక్కనే:
అన్నా, నీ మాట పెరటికి నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఫ్లాటుకి అదే చెప్తే నష్టపోయేది తాబేలే. డిప్ప అంటే దాని పక్కటెముకలూ వెన్నెముకా కలిసిపోయి తయారైన ఎముక, దాని మీద మన గోళ్లలో ఉండే కెరటిన్‌తో పలకలు. ఆ ఎముకకి కాల్షియం పట్టాలంటే విటమిన్ డి3 కావాలి, అది చర్మంలో తయారవ్వాలంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల యూవీబీ ఒంటి మీద పడాలి. కిటికీ గాజు వెలుతురునీ వేడినీ రానిస్తుంది గానీ యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది, కాబట్టి గాజు తలుపు వెనక రోజంతా ఎండలో ఉన్నట్టు కనిపించినా ఆ తాబేలుకి అందేది ఏమీ లేదు. వల పర్వాలేదు, కొంతే తగ్గిస్తుంది.

సరే, తలుపు తీసి బాల్కనీలో పెడదామంటారా? నీ తొట్టిలో బోలెడన్ని నీళ్లు, ఒక పక్క నీడ, అది తన ఇష్టానికి ఎక్కుతుంది, దిగుతుంది. ఫ్లాటులో చేసేదేమో ప్లాస్టిక్ టబ్బులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు పోసి ఎండలో వదిలి వంటింట్లోకి వెళ్లడం. ఏప్రిల్‌లో ఆ నీళ్లు ఎంత తొందరగా కాగుతాయో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది. స్లైడర్‌కి నీళ్లు 24 నుంచి 28 డిగ్రీలు, ఎండ కాగే చోటు 30 నుంచి 35 ఉంటే హాయి, అది దాటాక తప్పించుకునే నీడ లేకపోతే ప్రాణానికే ముప్పు. మనిషి పక్కన కూర్చుని, సగం టబ్బుకి నీడ పెట్టి, రోజూ పొద్దున అరగంట చేయగలిగితే ఎండే మేలు, నేనూ అదే అంటాను. రోజూ కుదరదు, జులైలో ముసురు పడితే వారం రోజులు ఎండే ఉండదు అనుకునేవాళ్లు లైటు కొనాలి.

పెరటి తొట్టి, వరంగల్:
కొంటే మాత్రం ఆర్నెల్లకి దాని పవరు అయిపోతుందట కదా, వెలుగుతూనే ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. దానికంటే అక్వేరియం షాపులో నీళ్లు శుభ్రం చేసే యూవీ ట్యూబు చవగ్గా దొరుకుతుంది, అదే పైన తగిలిస్తే పోలేదా?

ట్యాంకు పక్కనే:
దయచేసి ఆ పని ఎవరూ చేయొద్దు! అది యూవీసీ, క్రిముల్ని చంపడానికి మూసిన డబ్బాలో వెలిగేది. బయట వెలిగిస్తే తాబేలు కళ్లూ పోతాయి, మీ ఇంట్లో వాళ్ల కళ్లూ దెబ్బతింటాయి. అడగాల్సింది రెప్టైల్స్ కోసం అమ్మే యూవీబీ ట్యూబు, 5 శాతమో 10 శాతమో డబ్బా మీద రాసి ఉంటుంది, ఎంత ఎత్తులో కట్టాలో కూడా ఉంటుంది. ట్యాంకు మీద గాజు మూత ఉంటే తీసేయాలి, లేకపోతే మళ్లీ కిటికీ కథే. పవరు తగ్గుతుందన్నది నిజమే, 6 నుంచి 12 నెలలకోసారి మార్చాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

వెట్నరీ స్టూడెంట్:
ఎండా లైటా అని కొట్టుకుంటున్నారు గానీ ఆవిడ రాసిన నీళ్ల సంగతి ఎవరూ చూడలేదు. 2 అడుగుల ట్యాంకులో మహా అయితే 60 లీటర్లు పడతాయి. అంగుళం డిప్పకి 40 లీటర్ల లెక్కన 5 అంగుళాల దానికి 200 లీటర్లు కావాలి, పైగా ఆడదైతే 10 అంగుళాలు దాటి పెరుగుతుంది. తాబేలు చేసే మురికికి ఆ స్పాంజ్ ఫిల్టరు ఏ మూలకీ చాలదు, ట్యాంకు కంటే రెండింతలు మూడింతల నీటికి సరిపడే క్యానిస్టర్ (ట్యాంకు బయట పెట్టే డబ్బా ఫిల్టరు) పెట్టండి.

ఇక మచ్చలు. తడిగా ఉన్నప్పుడు కనపడక, ఆరాక తెల్లగా తేలితే అది చాలావరకు బోరు నీళ్ల సున్నమే. దూదితో కొంచెం వెనిగర్ అద్ది రుద్ది కడిగేయండి, పుండు ఉన్న చోట వద్దు. అంచుల్లో పల్చగా, అద్దంలా అవతలిది కనపడే పొర లేస్తుంటే అది పెరుగుదలలో భాగం, గోటితో పీకొద్దు. అదే వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయినా, గుంటలు పడి వాసన వచ్చినా, పొట్ట వైపు ఎర్రగా మారినా అది డిప్ప కుళ్లు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది, లైటు వల్ల తగ్గదు, రెప్టైల్స్ చూసే డాక్టర్ దగ్గరికి ఆ రోజే తీసుకెళ్లండి. పసుపూ కొబ్బరినూనే పూయకండి, నూనె తేమనీ మురికినీ లోపలే పట్టి ఉంచుతుంది.

కూకట్‌పల్లి ఫ్లాట్:
ఇప్పుడే చూశాను, తడిపితే మచ్చలు పోతున్నాయి, ఎక్కడా మెత్తగా లేదు. తిండికి ఎండు రొయ్యలే వేస్తున్నాం. అంత పెద్ద ట్యాంకు మా హాల్లో పట్టదు, చెరువులో వదిలేద్దామని ఇంట్లో ఒకటే మాట.

ట్యాంకు పక్కనే:
చెరువులో మాత్రం వద్దండి. ఇది అమెరికా మిసిసిపీ ప్రాంతపు జాతి, ప్రపంచంలో అత్యంత నష్టం చేసే 100 పరాయి జాతుల జాబితాలో ఉంది, మన చెరువుల్లో తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటుంది. గాజు ట్యాంకే కావాలని లేదు, 200 లీటర్ల ప్లాస్టిక్ తొట్టి తెచ్చి, ఒంటి నీళ్లు పూర్తిగా ఆరేలా ఒక చెక్క మెట్టు కట్టి, దాని మీద ట్యూబు పెట్టండి. ఎండు రొయ్యలు ఎప్పుడైనా ఒకసారి చాలు, రోజువారీకి తాబేళ్ల పెల్లెట్లు, ఆకులు వేయండి, పాలకూర మాత్రం తగ్గించండి, అది కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వదు. కాల్షియం కోసం పిట్టల షాపులో కటిల్ బోన్ (కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి లోపలి డిప్ప) దొరుకుతుంది, ఆయుర్వేదం కొట్లో సముద్రపు నురుగు అంటే ఇచ్చేదీ అదే, ఒక ముక్క నీళ్లలో పడేస్తే అదే కొరుక్కుంటుంది. తొట్టి కొన్నాక ఫిల్టరు ఎంతది కావాలో ఇక్కడే అడగండి, చెప్తాను.