పాత బండి మీటర్‌లో ఎల్‌ఈడీలా, ఫిలమెంట్ బల్బులా? గేర్‌లో ఉన్నా న్యూట్రల్ లైటు మసగ్గా వెలుగుతోంది

లంకరోడ్డు:
బండి 2003 నాటి 100 సీసీ హీరో హోండా, కిక్ స్టార్ట్. మీటర్‌లో ఇండికేటర్‌కి ఎడమా కుడీ కలిపి ఒకటే లైటు. మీటర్ లోపల న్యూట్రల్, ఇండికేటర్, హై బీమ్ బల్బులు తీసి టీ10 సైజు ఎల్‌ఈడీలు వేశారు. బయటి నాలుగు ఇండికేటర్లూ పాత 10 వాట్ల బల్బులే. ఇప్పుడు మూడు తేడాలు. ఒకటి, గేర్‌లో ఉన్నా న్యూట్రల్ లైటు మసగ్గా వెలుగుతోంది, వాన పడితే ఇంకాస్త ఎక్కువ. రెండు, ఎడమకి వేస్తే మీటర్‌లో లైటు కొట్టుకుంటుంది, కుడికి వేస్తే ఉలుకూ పలుకూ లేదు. బయట మాత్రం రెండు వైపులా బాగానే వెలుగుతున్నాయి. మూడు, స్లోలో బ్రేక్ నొక్కితే న్యూట్రల్ లైటు తగ్గుతోంది. ఒక మెకానిక్ వైరింగ్ కిట్ మొత్తం మార్చాలంటున్నారు, ఇంకొకరు ఎల్‌ఈడీలు తీసేస్తే చాలంటున్నారు. ఏది ముందు చెయ్యాలి?

పంటురేవు:
ఎల్‌ఈడీలు తీసెయ్యండి, సగం జబ్బు అక్కడే పోతుంది. అంతర్వేది, ఓడలరేవు వైపు గాలిలో ఎంత ఉప్పుంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ ఉప్పు తేమతో కలిసి ప్రతి కప్లర్‌లోనూ (వైర్లు కలిపే ప్లగ్గు) సన్నటి పొర కడుతుంది, దాని గుండా కొంచెం కరెంటు కారుతుంది. 1.7 వాట్ల ఫిలమెంట్ బల్బు నిండుగా వెలగాలంటే 0.14 ఆంపియర్ కావాలి. అందులో యాభయ్యో వంతు కారితే దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎల్‌ఈడీకి ఆ చిటికెడు చాలు, వెలిగిపోతుంది. పైగా ఫిలమెంట్ బల్బు పైసా ఖర్చు లేని వోల్ట్ మీటర్. బ్యాటరీ దిగితే ఎర్రబడుతుంది, ఎర్త్ పోతే వణుకుతుంది. లోపల ఐసీ ఉన్న ఎల్‌ఈడీ 10 వోల్ట్‌లకీ 14 వోల్ట్‌లకీ ఒకేలా వెలుగుతుంది, మీకు ఏ కబురూ చెప్పదు.

గాల్వనో:
పంటురేవు గారూ, లెక్క ఒప్పుకుంటాను, తీర్పు ఒప్పుకోను. ఎల్‌ఈడీ ఇక్కడ అబద్ధం చెప్పడం లేదండి. లీకేజీ ఉంది, చూపిస్తోంది. ఫిలమెంట్ వేస్తే లీకేజీ పోదు, కనపడకుండా పోతుంది. తేడా అంతే.

న్యూట్రల్ లైటుకి ఇగ్నిషన్ స్విచ్ నుంచి ప్లస్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది. గేర్‌బాక్స్ దగ్గరి న్యూట్రల్ స్విచ్ చేసే పనల్లా రెండో కాలుని ఇంజిన్ బాడీకి, అంటే ఎర్త్‌కి కలపడం. ఆ స్విచ్ చాలా బళ్ళలో ఎడమవైపు ముందు స్ప్రాకెట్ కవర్ కింద ఉంటుంది. చైన్ నూనె, బురద, ఇసుక అన్నీ చేరేది అక్కడే. స్విచ్ పిన్నుకీ ఇంజిన్‌కీ మధ్య తడి బురద 4 కిలో ఓమ్‌ల నిరోధం చూపించిందనుకోండి, ఎల్‌ఈడీలోకి 2 మిల్లీ ఆంపియర్లు వెళ్తాయి. చీకట్లో మసక వెలుగుకి అది ఎక్కువే.

లంకరోడ్డు గారూ, కిట్ మాట పక్కన పెట్టి ఇది చెయ్యండి. స్ప్రాకెట్ కవర్ విప్పి న్యూట్రల్ స్విచ్ వైరు పీకండి. హోండా రంగుల్లో అది లేత ఆకుపచ్చ మీద ఎర్ర గీత. (యమహాలకి ఆకాశ నీలం. వాటిలో ఎర్త్ కూడా నలుపు, హోండాలో ఎర్త్ ఆకుపచ్చ. ఒక బండి రంగుల్ని ఇంకో బండికి అన్వయిస్తే పొగే వస్తుంది.) ఇగ్నిషన్ ఆన్ చెయ్యండి. లైటు పూర్తిగా ఆరిపోతే దోషం స్విచ్ దగ్గర. ఇంకా మసగ్గా ఉంటే స్విచ్‌కీ మీటర్‌కీ మధ్య వైరులోనో, కప్లర్‌లోనో. ఆ తర్వాత వైరు కొసని ఇంజిన్ కేసింగ్‌కి తాకించండి. నిండుగా వెలగాలి. మధ్యలో బల్బు ఉంది కాబట్టి ఫ్యూజ్ పోదు, భయం లేదు.

పంటురేవు:
హాని చెయ్యని లీకేజీని పట్టుకుని ఏం చేసుకుంటాం? న్యూట్రల్ లైటు ఉన్నది నడిపేవాడి కోసం, ల్యాబ్ కోసం కాదు. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్ళని గోదావరి దాటించే పడవ) ఎక్కే వాలు మీద, ముందు నలుగురు, వెనక ఆటో. ఆకుపచ్చ లైటు చూసి న్యూట్రలే అనుకుని క్లచ్ వదిలితే బండి ముందుకి దూకుతుంది. అలాంటి చోట అర మసక వెలుగు పనికి రాదు. ఉంటే నిండుగా ఉండాలి, లేకపోతే అసలు ఉండకూడదు.

గాల్వనో:
ఆ మాట నిజమే. దానికి మందు రూపాయి రెసిస్టర్. ఎల్‌ఈడీ హోల్డర్ రెండు కాళ్ళకీ అడ్డంగా 1 కిలో ఓమ్, అర వాట్ రెసిస్టర్ టంకం పెట్టండి. 4 కిలో ఓమ్‌ల లీకేజీకి ఎల్‌ఈడీ మీద పడే వోల్టేజీ రెండున్నర దగ్గరే ఆగిపోతుంది. తెల్ల చిప్పు ఆ వోల్టేజీకి వెలగదు. న్యూట్రల్‌లో నిండు 12 వోల్ట్‌లూ వస్తాయి, మామూలుగా వెలుగుతుంది. పాత రకం ఆకుపచ్చ చిప్పు 2 వోల్ట్‌లకే కళ్ళు తెరుస్తుంది, దానికి 470 ఓమ్‌లు, 1 వాట్‌ది వెయ్యండి. 14 వోల్ట్‌ల మీద అది దాదాపు అర వాట్ వేడెక్కుతుంది, ప్లాస్టిక్‌కి ఆనకుండా ఉంచండి.

గట్టుమీద షెడ్డు:
ఇద్దరూ న్యూట్రల్ దగ్గరే తిరుగుతున్నారు. రెండో తేడాకి ఉప్పుతోనూ తేమతోనూ సంబంధం లేదండి. అది బల్బు వేసిన పద్ధతిలోనే ఉంది.

మీటర్‌లో ఒకటే ఇండికేటర్ లైటున్న బళ్ళలో ఆ లైటుకి విడిగా ఎర్త్ ఉండదు. ఒక కాలు ఎడమ వైరుకి (నారింజ), రెండో కాలు కుడి వైరుకి (లేత నీలం) ఉంటుంది. ఎడమకి వేసినప్పుడు కరెంటు నారింజ నుంచి లైటులోకి వచ్చి, లేత నీలం వైరు మీదుగా కుడివైపు రెండు బల్బుల్లోంచి ఎర్త్‌కి పోతుంది. ఆ రెండూ చల్లగా ఉన్న ఫిలమెంట్లు, నిరోధం ఇంచుమించు లేనట్టే, అందుకే అవి వెలగవు. కుడికి వేస్తే ఇదంతా తిరగబడుతుంది. ఫిలమెంట్‌కి ఎటునుంచి వచ్చినా ఒకటే, ఎల్‌ఈడీకి ఒక్క దిక్కే. తిప్పి పెడితే కుడికి వెలిగి ఎడమకి ఆరిపోతుంది, చూడండి.

ఉన్న వైరింగ్‌లో రెండు వైపులా వెలగాలంటే అక్కడ ఫిలమెంట్ వేస్తే సరిపోతుంది. ఎల్‌ఈడీయే కావాలంటే 1ఎన్4007 డయోడ్లు (కరెంటుని ఒక్క దిక్కే పోనిచ్చేవి) రెండు తీసుకోండి. మీటర్ హోల్డర్ నుంచి నారింజ, లేత నీలం రెండూ విప్పండి. ఒక డయోడ్ గీత లేని కొసకి నారింజ, రెండోదాని గీత లేని కొసకి లేత నీలం. గీత ఉన్న కొసలు రెండూ కలిపి ఎల్‌ఈడీ ప్లస్‌కి, ఎల్‌ఈడీ మైనస్ నుంచి కొత్త వైరు ఆకుపచ్చ ఎర్త్‌కి. అతుకుల మీద హీట్ ష్రింక్ స్లీవ్ వెయ్యండి. గుడ్డ టేపు ఇక్కడ నాలుగు నెలలు ఆగదు, జిగురు కారి తేమని పట్టి ఉంచుతుంది.

హై బీమ్ లైటుకి మాత్రం ఎల్‌ఈడీ తీసెయ్యండి. ఆ కాలం 100 సీసీ బళ్ళలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాదు, మ్యాగ్నెట్ (ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించేది) నుంచి నేరుగా ఏసీ మీద నడుస్తుంది. హై బీమ్ సూచిక కూడా ఆ వైరు మీదే. మామూలు ఎల్‌ఈడీ ఏసీలో సగం అలకే వెలుగుతుంది, స్లోలో కళ్ళు పీకేలా మిణుకుమంటుంది, తిరుగు వోల్టేజీకి త్వరగా పోతుంది. దీని మీద చర్చ కూడా దండగ.

మూడోది ముందు బ్యాటరీతో మొదలుపెట్టండి. బ్రేక్ బల్బు మీద వాట్లు రాసుంటాయి, 21 అయితే అది ఒక్కటే 1.75 ఆంపియర్లు లాగుతుంది. బ్యాటరీ చూస్తే 2.5 ఏహెచ్ (ఆంపియర్-అవర్). ఇంజిన్ ఆపి, మల్టీమీటర్ బ్యాటరీ కాళ్ళ మీదే పెట్టి బ్రేక్ నొక్కండి. 12.6 నుంచి 12 కిందకి జారితే బ్యాటరీ బలహీనం, లేదా చార్జింగ్ రావట్లేదు. అక్కడ వోల్టేజీ నిలబడి ఉండి లైటు మాత్రం తగ్గితే, దారిలో ఏదో కనెక్షన్ పోయింది. అప్పుడు మల్టీమీటర్ నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఎర్ర ముల్లు వెనక లైటు హోల్డర్ ఎర్త్ మీద పెట్టి మళ్ళీ బ్రేక్ నొక్కండి. 0.2 వోల్ట్ లోపు ఉంటే సరే. 0.5 దాటితే ఎర్త్ పోయినట్టే. ఇదే కొలత హెడ్‌లైట్ డూమ్‌లోని ఆకుపచ్చ వైర్ల ముడి దగ్గరా, బ్యాటరీ మైనస్ ఫ్రేముకి బిగించిన బోల్టు దగ్గరా తియ్యండి. ఆ బోల్టు విప్పి, కింద రంగు పోయి ఇనుము మెరిసే దాకా ఉప్పు కాగితంతో రుద్ది, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పుయ్యండి. ముందు పూసి తర్వాత బిగించేవాళ్ళున్నారు, వద్దు.

చార్జింగ్‌కి, హెడ్‌లైట్ ఆపి ఇంజిన్ కొంచెం ఎక్కువ రేజ్‌లో ఉంచి బ్యాటరీ మీద 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. 15 దాటితే ఆర్‌ఆర్ యూనిట్ (రెగ్యులేటర్ రెక్టిఫయర్, చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచేది) పోయింది, బ్యాటరీని ఉడకేస్తుంది. రేజ్ పెంచినా 12.6 దగ్గరే కదలకపోతే ఆర్‌ఆర్ కప్లర్ విప్పి చూడండి. పది బళ్ళలో ఏడింటికి పిన్నుల మీద పచ్చ చిలుమే ఉంటుంది.

బుల్లెట్ దిబ్బ:
పాత బుల్లెట్లకి ఈ గొడవే లేదు. హెడ్‌లైట్ మీద ఆమ్‌మీటర్ ఉంటుంది, ముల్లు ప్లస్ వైపు ఉంటే చార్జింగ్, మైనస్ వైపు ఉంటే ఖర్చు. ఇండికేటర్‌తో పాటు ముల్లు ఊగితే కంగారు పడక్కర్లేదు.

గాల్వనో:
ఆమ్‌మీటర్ గుండా బండి మొత్తం కరెంటూ పోతుందండి. దాని కాళ్ళ మీద నట్టు వదులైతే బండి మొత్తం ఆగుతుంది. అదీ మన ఉప్పులోనే.

రొయ్యలచెరువు:
బయట నాలుగూ ఎల్‌ఈడీలు చేసేద్దామంటే ఎలా? 2.5 ఏహెచ్ బ్యాటరీకి ఊరట కదా. ఇంకోటి, కప్లర్లలో డబ్ల్యూడీ-40 కొడితే సరిపోదా?

గట్టుమీద షెడ్డు:
బయట వేస్తే ఊరట నిజమే. ఒక వైపు 20 వాట్లది 2, 3 వాట్లకి దిగుతుంది. మీటర్ లోపల వేస్తే మిగిలేది ఏమీ లేదు, న్యూట్రల్ లైటు వెలిగేదే బండి ఆగినప్పుడు. పంటురేవు గారితో నేను కలిసేది ఇక్కడే. కానీ బయట ఎల్‌ఈడీ పెట్టి మీటర్‌లో పాత ఫిలమెంట్ ఉంచితే నాలుగూ ఒకేసారి కొట్టుకుంటాయి, ఎందుకంటే మీటర్ బల్బు గుండా వచ్చే ఆ కొద్ది కరెంటు ఇప్పుడు అవతలి ఎల్‌ఈడీలకి చాలు. పైన చెప్పిన రెండు డయోడ్ల మందే దీనికీ. అప్పుడు మీటర్‌లో ఏ బల్బైనా పనిచేస్తుంది. ఇండికేటర్లని కొట్టించే ఫ్లాషర్ కూడా మార్చాలి. పాతది లోడ్ మీద ఆధారపడేది, తక్కువ లోడ్‌కి గబగబా కొడుతుంది, లేదా అసలు కొట్టదు. ఎల్‌ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తీసుకోండి, మూడు కాళ్ళదైతే మూడోది ఎర్త్‌కి. 10 ఓమ్‌ల సిమెంట్ రెసిస్టర్ పెడితే చాలనేవాళ్ళ మాట వినకండి. వెలిగినంతసేపూ 14 వాట్ల వేడి కక్కుతుంది, ఆదా అంతా అందులోనే పోతుంది.

డబ్ల్యూడీ-40 నీళ్ళని తరిమేస్తుంది, నిలబడి కాపలా కాయదు. దాంతో కడిగి, ఆరనిచ్చి, ఐసోప్రొపైల్ స్పిరిట్‌తో తుడిచి, ఆ తర్వాత డైఎలక్ట్రిక్ గ్రీజు పలచగా. చిలుము వైరు తొడుగు లోపలికి పాకి రాగి నల్లబడితే ఏ స్ప్రే పనిచెయ్యదు, నల్లటి రాగికి టంకం అంటదు. మెరిసే రాగి వచ్చేదాకా కొసని వెనక్కి కత్తిరించండి, పొడుగు చాలకపోతే ముక్క అతకండి.

లంకరోడ్డు:
కొలతలు. న్యూట్రల్ స్విచ్ వైరు పీకగానే లైటు పూర్తిగా ఆరింది. స్విచ్ పిన్నుకీ ఇంజిన్‌కీ మధ్య, వైరు విప్పి గేర్‌లో ఉంచితే 3.8 కిలో ఓమ్‌లు. బురద గీకి, స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాక మల్టీమీటర్ ఓఎల్ (కొలతకి అందనంత నిరోధం) చూపిస్తోంది, న్యూట్రల్‌లో 0.4 ఓమ్. బ్రేక్ నొక్కితే బ్యాటరీ మీద 12.4 నిలబడింది, వెనక ఎర్త్ దగ్గర 0.9 వోల్ట్, ఫ్రేము బోల్టు రుద్దాక 0.1. హై బీమ్‌కీ ఇండికేటర్‌కీ పాత బల్బులు వేశాను, ఇప్పుడు కుడికీ వెలుగుతోంది. న్యూట్రల్‌కి మాత్రం ఎల్‌ఈడీ ఉంచి 1 కిలో ఓమ్ వేశాను.

పంటురేవు:
0.9 ఉన్నప్పుడు వైరింగ్ కిట్ మారిస్తే ఏం లాభం, కొత్త కిట్‌ని కూడా ఆ తుప్పు బోల్టుకే బిగించేవారు. ఎల్‌ఈడీ విషయంలో నా మాట నాదే. ఈసారి గోదావరి పొంగి కనకాయలంక కాజ్‌వే మీద నీళ్ళు తిరిగాక ఆ స్విచ్ దగ్గర మళ్ళీ ఎన్ని ఓమ్‌లో కొలిచి పెట్టండి. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక అని లెక్కుంటుంది, మీ ఎల్‌ఈడీకి ఎన్ని ఓమ్‌లకో చూద్దాం.

గాల్వనో:
1 కిలో ఓమ్ రెసిస్టర్‌తో తెల్ల చిప్పుకి సుమారు 3 కిలో ఓమ్‌ల వరకు నిలుస్తుంది, అంతకన్నా దిగితే మసక మొదలు. అప్పుడు కూడా ముందు కవర్ విప్పి స్విచ్ కడగండి, రెసిస్టర్ విలువ తగ్గించకండి. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ ఆ మూలకి తిప్పొద్దని కూడా చెప్పండి.