అప్‌డేట్: పిల్లల్ని బోర్డింగ్‌కి పంపలేదు

మిషనరీలుగా వేరే దేశం వచ్చాం, పిల్లల్ని బోర్డింగ్‌లో వేయాలా, ఇంట్లోనే చదివించాలా అని అడిగాను కదా. కెన్యాలో 1906లో మొదలైన రిఫ్ట్ వ్యాలీ అకాడమీ లాంటి మిషనరీ పిల్లల స్కూళ్ల గురించి చాలామంది చెప్పారు. మనసొప్పలేదు. ఇంట్లోనే చెబుతున్నాం. పొద్దున నేను లెక్కలు, సాయంత్రం ఆయన సైన్స్. సువార్త పనంటే రోజంతా ప్రసంగాలే అనుకుంటారు గానీ, మా వారంలో సగం వీసా కాగితాలకీ, భాషా క్లాసుకీ, మా పనికి మద్దతిచ్చేవాళ్లకి మా కబుర్లు, ప్రార్థన మనవులు రాసి పంపే ఉత్తరాలకే సరిపోతోంది! పెద్దాడికి ఇక్కడి భాష మాకంటే బాగా వచ్చేసింది, నా ఉచ్చారణ విని నవ్వుతాడు. "మనది ఏ ఊరమ్మా?" అని చిన్నది అడిగితే మాత్రం ఇంకా తడబడుతున్నా. వచ్చే ఏడాది సెలవు మీద ఇంటికి వెళ్లాలి, ఆ టెన్షన్ ఇప్పుడే మొదలైంది.