ఎయిర్‌బ్యాగ్ దీపం ఆరడం లేదు, బెల్టు పెట్టుకున్నా గంట ఆగడం లేదు

ప్రశ్న, బెంగళూరు మారతహళ్లి నుంచి:
అందరికీ నమస్కారం. ఈ ఉదయం తొమ్మిదింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నం మూడు దాటినా ఇంకా అపార్ట్‌మెంటు సెల్లారులో కారులోనే కూర్చున్నాను. ఇంట్లోవాళ్లు భోజనానికి పిలవడం కూడా మానేశారు. కారు స్టార్టు చేసిన కొద్ది సెకన్లకు ఆరిపోవలసిన ఎయిర్‌బ్యాగ్ దీపం ఎంతసేపటికీ ఆరడం లేదు. పైగా నేను బెల్టు పెట్టుకున్నా, పెట్టుకోలేదన్నట్టు గంట మోగుతూనే ఉంది. ఫ్యూజులన్నీ ఒక్కొక్కటిగా తీసి చూశాను, బాగానే ఉన్నాయి. బ్యాటరీ వైరు తీసి అరగంట ఆగి మళ్లీ బిగించినా ఫలితం లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించిన బ్లూటూత్ స్కానరు లోపమేదీ లేదంటోంది. వీధి చివరి మెకానిక్ సెన్సారు పోయిందన్నాడు, ఏ సెన్సారని అడిగితే మాత్రం చెప్పలేదు. సోమవారం ఆఫీసుకు వెళ్లాలి, దయచేసి ఎవరైనా దారి చూపండి.

హెబ్బాళ నుంచి:
ఏ బండి? ఏ సంవత్సరం? స్కానరు చూపిన లోపం కోడ్ ఎంత?

మారతహళ్లి:
కోడ్ ఏదీ రాలేదని పైన రాశాను కదండీ. 2020లో కొన్న హ్యాచ్‌బ్యాక్, ముందు రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. హారన్ మోగుతోంది, స్టీరింగ్ మీది ఆడియో బటన్లూ పనిచేస్తున్నాయి.

హెబ్బాళ:
కోడ్ లేక కాదు, మీ స్కానరుకు కనబడక. చవక స్కానర్లు చాలావరకు ఇంజనుకు సంబంధించిన ‘పీ’ కోడ్‌లే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్‌వి ‘బీ’ కోడ్‌లు.

యలహంక నుంచి:
దీపం సంగతి తరువాత చూసుకోవచ్చు. ముందు గంట గోల తప్పాలంటే బకిల్‌లో గుచ్చే చిన్న క్లిప్పు ఒకటి కొనుక్కోండి.

జయనగర్ నుంచి:
ఈ సలహా చూసి ఊరుకోలేక రాస్తున్నాను. 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ ఐదు పెద్ద ఈ-కామర్స్ సంస్థలకు అటువంటి క్లిప్పులను అమ్మకం నుంచి తొలగించమని ఆదేశాలిచ్చిందంటే, అవి ఎంత ప్రమాదకరమో అర్థం చేసుకోవచ్చు. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థకున్న ఎస్ఆర్ఎస్ అనే పేరులో మొదటి అక్షరానికి ‘సప్లిమెంటల్’ అని, అంటే అనుబంధమని అర్థం. ప్రాణం కాపాడే అసలు సాధనం బెల్టు; ఎయిర్‌బ్యాగ్ దానికి తోడు మాత్రమే. బెల్టు లేని మనిషి ముందుకు తూలిపోతున్న క్షణంలో సంచి పేలుడు వేగంతో ఎదురొస్తే అదే గాయపరచవచ్చు. మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద పడే వెయ్యి రూపాయల జరిమానాకు భయపడి బెల్టు పెట్టుకునేవాళ్లు మన ఊళ్లో ఎక్కువైపోయారు, అదీ కెమెరాలున్న సిగ్నళ్ల దగ్గర మాత్రమే.

మారతహళ్లి:
అయ్యా, నేను బెల్టు పెట్టుకునే ఉన్నాను. పెట్టుకున్నా మోగుతోందన్నదే నా సమస్య. బెల్టు లాగితే చక్కగా వస్తోంది, వదిలితే లోపలికి పోతోంది కనుక ప్రీటెన్షనర్ బాగానే ఉందనుకుంటున్నాను.

కృష్ణరాజపురం నుంచి:
మీరు చెప్పింది బెల్టును లోపలికి చుట్టుకునే రిట్రాక్టర్ గురించి. ప్రీటెన్షనర్ వేరు: ప్రమాద సమయంలో చిన్న మందుగుండుతో బెల్టును బిగించి ఒక్కసారికే పనికివచ్చే భాగమది, లాగి చూసి తెలుసుకునేది కాదు. గంటకు కారణమయ్యేది మూడోది, బకిల్ లోపలి స్విచ్. ఈ మూడింటినీ కలిపి ‘సెన్సారు’ అనేయడం మా వృత్తిలో పాత జబ్బు. హారనూ ఆడియో బటన్లూ పనిచేస్తున్నాయంటే స్టీరింగ్‌లోని ఎయిర్‌బ్యాగ్‌కూ హారనుకూ కరెంటు అందిస్తూ స్టీరింగ్ వెనక చుట్టలా ఉండే క్లాక్ స్ప్రింగ్ అనే వైరు మీద అనుమానం తగ్గుతుంది. ఇంతకీ ఈమధ్య సీట్లను ఎవరైనా కదిలించారా?

మారతహళ్లి:
పోయిన ఆదివారం జేసీ రోడ్డులో లెదర్ కవర్లు కుట్టించాను, దానికోసం ముందు సీట్లు రెండూ బయటికి తీశారు. దానికీ దీనికీ సంబంధం ఉంటుందనుకోలేదు.

హెబ్బాళ:
ఇది మొదటి వాక్యంలో రాయవలసింది.

కృష్ణరాజపురం:
సంబంధం ఉండవచ్చు. చాలా కార్లలో బకిల్ స్విచ్ వైరు సీటు కింది నుంచే ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌కు, అంటే ఎయిర్‌బ్యాగులను నడిపే చిన్న కంప్యూటరుకు వెళుతుంది కనుక, రెండు లోపాలకూ వదులైన ఒకే కనెక్టరు కారణం కావచ్చు. పైగా సీటు బయట ఉండగా బండి పక్కకు జరపడానికి ఎవరైనా తాళం తిప్పి ఉంటే, మాడ్యూల్ దాన్ని లోపంగా రాసిపెట్టుకుని ఉంటుంది. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, మాడ్యూల్‌లో కరెంటు నిల్వ ఉంచే కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా కనీసం పది నిమిషాలు ఆగండి. మాన్యువల్‌లో ఇంకా ఎక్కువ చెప్పి ఉంటే అదే పాటించండి. తరువాత సీటు వెనక్కి జరిపి టార్చి వేసి చూడండి. పసుపు రంగు తొడుగున్న వైర్లు ఎయిర్‌బ్యాగ్, ప్రీటెన్షనర్ల తాలూకువి, వాటిమీద మల్టీమీటరు ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు, ఎందుకంటే మీటరు పంపే కొద్దిపాటి విద్యుత్తే దాన్ని పేల్చవచ్చు. కనెక్టరు ‘టక్’మని కూర్చుందో లేదో చూసి, తిరిగి బిగించాక మంచి స్కానరున్న చోట కోడ్ చదివించి తుడిపించండి. వైరు సరిచేసినంత మాత్రాన చాలా బండ్లలో దీపం దానంతటది ఆరదు. అది వెలుగుతున్నంతసేపు ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటాయన్న నమ్మకం పెట్టుకోకండి.

విల్సన్ గార్డెన్ నుంచి:
లెదర్ కవర్ల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. సీటు పక్కన ఎయిర్‌బ్యాగులున్న బండికి మామూలు కవర్లు కుట్టించకూడదు, అవి తెరుచుకునే అంచును కుట్టు మూసేస్తుంది.

మారతహళ్లి:
నా బండికి పక్క ఎయిర్‌బ్యాగులు లేవండీ.

జయనగర్:
లేవని ఊరుకోకుండా, తరువాతి బండి కొనేటప్పుడైనా ఆరు ఎయిర్‌బ్యాగులున్నది తీసుకోండి. మరొక్క మాట, ‘కనెక్టరు’ అని ఒకరు, ‘కప్లర్’ అని మెకానిక్కులు, ‘సాకెట్టు’ అని ఇంకొకరు అంటే కొత్తవాళ్లు తికమక పడతారు.

యలహంక:
పేరేదైనా ఊడేది ఒకటేనండీ.

మారతహళ్లి (సోమవారం రాత్రి):
డ్రైవరు సీటు కింద కనెక్టరు సగమే కూర్చుని ఉంది. సరిగ్గా నొక్కి, పొద్దున ఒక వర్క్‌షాపులో కోడ్ తుడిపించాను. రెండూ ఆగిపోయాయి. పక్క సీటులో ల్యాప్‌టాప్ సంచి పెడితే మాత్రం మనిషి కూర్చున్నాడనుకుని ఇంకా మోగుతోంది, దాన్ని నేల మీద పెట్టుకుంటున్నాను. అందరికీ ధన్యవాదాలు.

హెబ్బాళ:
తుడిపించేముందు కోడ్ ఎంత వచ్చింది?

హెబ్బాళ (బుధవారం):
కోడ్?