అప్‌డేట్: వేటకూ, దారులకూ చివరికి ఏ ఏటీవీ కొన్నానంటే

అడవి దారుల్లో తిరగడానికి, బరువులు మోయడానికి, వేటకు వెళ్లడానికి ఒకే ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల బండి) కావాలని, హోండా ఫోర్‌మ్యానా, యమహా కోడియాక్ 700నా తేల్చుకోలేకపోతున్నానని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. కోడియాక్ తీసుకున్నాను, పవర్ స్టీరింగ్ ఉన్నది.

రెండూ నడిపి చూశాకే తేలింది. ఫోర్‌మ్యాన్‌కి వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు. బరువు వేసినా కుంగకుండా స్థిరంగా ఉంటుంది. తడిస్తే జారే బెల్ట్ లేని గేర్లు కాబట్టి నీళ్లలో దిగినా బెంగ తక్కువ. రోజంతా ట్రాలీ లాగే పనే అయితే కళ్లు మూసుకుని అదే కొనేవాణ్ని. నాకు మాత్రం గంటల తరబడి రాళ్ల దారి. కోడియాక్‌లో వెనక చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, నడుముకి ఆ తేడా మొదటి పది నిమిషాల్లోనే తెలిసింది. 686 సీసీ ఇంజిన్. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది. వెనక రాక్ మీద దుప్పి ఉన్నప్పుడు అది ఎంత ధైర్యమో!

వించ్ (తాడు చుట్టుకుంటూ బండిని బయటికి లాగే మోటారు) వేయించమన్నవాళ్లకు దండం. రెండో వారమే బురదలో దిగబడ్డాను, అదే గట్టెక్కించింది.

ఎంత మెల్లగా నడిపినా బండి చప్పుడు జంతువులకు వినబడుతుంది. అందుకే దూరంగానే ఆపి నడిచి వెళ్తున్నాను. తుపాకీ మాత్రం తూటాలు తీసేసి, కేసులో పెట్టాకే బండెక్కుతాను.

టైర్లు ఇంకా మార్చలేదు. బండితో వచ్చినవి అరిగాక చూస్తాను.