మోన్శాంటో జాబితాలోని బ్రాండ్లు మానేస్తే ఒరిగేదేమిటి?

కూకట్‌పల్లి గృహిణి: మోన్శాంటోతో సంబంధమున్నవంటూ చిప్స్, కూల్‌డ్రింకులు, కార్న్‌ఫ్లేక్స్ బ్రాండ్ల జాబితా ఒకటి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్‌లో తిరుగుతోంది. మా నెల సరుకుల చీటీలోంచి వాటిని కొట్టేశాను. మీరేమంటారు?

తార్కికుడు: ఆ కంపెనీ విత్తనాలు, గ్లైఫోసేట్ అనే గడ్డి మందు అమ్మింది గానీ చిప్స్ బ్రాండ్లకు యజమాని కాదు. జన్యుమార్పిడి ఆహారానికి లేబుల్ తప్పనిసరి చేయాలని 2012లో కాలిఫోర్నియాలో ఓటింగ్ జరిగినప్పుడు, దాన్ని ఓడించడానికి మోన్శాంటోతోపాటు పెద్ద ఆహార కంపెనీలూ కోట్ల డాలర్లు గుమ్మరించాయి. ఇలాంటి జాబితాల్లో ఎక్కువగా కనిపించేవి ఆ చందాదారుల పేర్లే. 2018లో జర్మనీ కంపెనీ బేయర్ కొన్నాక మోన్శాంటో పేరే తీసేసింది. లేని కంపెనీని ఎలా బహిష్కరిస్తారు?

కూకట్‌పల్లి గృహిణి: పేరు మారితే మందు మారుతుందా? మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థాల్లో గ్లైఫోసేట్‌ను 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి క్యాన్సర్ పరిశోధన విభాగమే చేర్చింది.

తార్కికుడు: అదే వర్గంలో మేకమాంసమూ ఉంది. ఆదివారం మటన్ మానేశారా? లేని కంపెనీని ఎలా బహిష్కరిస్తారన్న ప్రశ్నకు జవాబింకా రాలేదు.

నల్లకుంట: ఆర్గానిక్ దుకాణంలో కందిపప్పు ధర చూశాక నేనీ చర్చలోంచి తప్పుకుంటున్నాను.

పత్తి చేను: ఉంటున్నది ఉప్పల్‌లో అయినా మా చేను ఆదిలాబాద్ జిల్లాలో ఉంది కనుక చెబుతున్నాను. 2002లో మోన్శాంటో బీటీ పత్తికి, అంటే కాయతొలుచు పురుగును తట్టుకునే జన్యుమార్పిడి పత్తికి, అనుమతి వచ్చాక 450 గ్రాముల విత్తనాల పొట్లం 1,600 రూపాయలు దాటింది. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్ మెట్లెక్కాకే 750కి దిగింది. అప్పుడు ఎవరి చీటీలో ఏం కొట్టేశారు? గ్లైఫోసేట్‌ను పురుగుల నియంత్రణ ఆపరేటర్లే చల్లాలని 2022లో కేంద్రం ఆదేశించింది, మా ఊరికి అలాంటివారు ఇంతవరకు రాలేదు. ముక్కుకు తువ్వాలు కట్టుకుని, వీపున పంపు వేసుకుని, గడ్డి మందు కొట్టేది మా నాన్నే. బిల్లు లేకుండా కొన్న బీజీ-3 విత్తనం, అంటే గడ్డి మందును తట్టుకునే, అనుమతి లేని పత్తి విత్తనం, సగం మొలవకపోతే, ఆ దుకాణదారుడు మమ్మల్ని ఎరగనే ఎరగనన్నాడు. మీకేమో ప్రమాదం చిప్స్ పొట్లంలో కనిపించింది.

తార్కికుడు: ఇది శాస్త్ర చర్చ, సంతాప సభ కాదు.

పత్తి చేను: మందు వాసన అన్నం డబ్బాకు అంటుకుంటుందని మీ శాస్త్రంలో రాయలేదా?

నిర్వాహకుడు: మర్యాద తప్పితే చర్చ మూసేస్తాను.

కూకట్‌పల్లి గృహిణి: పల్లె బాధ పట్టదని నన్ను అనకండి. దేశంలో 90 శాతానికి పైగా పత్తి బీటీదే, దాని గింజల నూనెను అందరం తింటున్నాం, అయినా ఆ జాబితాలో నూనె మాటే లేదు. నేను ఏం తింటున్నానో నాకు తెలియాలి, తెలిసి వద్దనే హక్కుండాలి. చిప్స్ మానడం నా చేతిలో ఉన్నది గనుక మానాను.

తార్కికుడు: శుద్ధిచేసిన నూనెలో బీటీ ప్రొటీన్ దాదాపు మిగలదు.

పత్తి చేను: గృహిణి గారూ, మీరు ఆ విత్తనమే వద్దంటున్నారు. కలుపు తీసే కూలీలు దొరకని చోట బీజీ-3ని చట్టబద్ధం చేయమని నేను అడుగుతున్నాను. అప్పుడు బిల్లు వస్తుంది, మొలవకపోతే పరిహారం అడగవచ్చు.

కూకట్‌పల్లి గృహిణి: అది ఆ మందును తట్టుకునే విత్తనమే కదా! చట్టబద్ధమైతే మీ నాన్నగారు పంపు దించరు, ఇంకా ఎక్కువ కొడతారు. దీనికి నేను ఒప్పుకోను.

పత్తి చేను: ఒప్పుకోవలసింది మీరు కాదు.