చర్చ: 1917లో హార్బిన్ రష్యన్లు చైనా నేల మీద ఓటెయ్యడం సబబేనా?

రైలుకట్ట: 1917 నవంబరులో రష్యా రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. చైనా ఈశాన్యంలోని మంచూరియాలో రష్యా నడిపిన చైనీస్ ఈస్టర్న్ రైల్వే జోన్‌ను కూడా ఒక నియోజకవర్గం చేశారు. ఆ జోన్‌లోని హార్బిన్ పట్టణంలో రష్యన్ రైల్వే ఉద్యోగులు, వర్క్‌షాపు కార్మికులు, కాపలా సైనికులు ఓటేశారు. లెనిన్ పార్టీ బోల్షెవిక్కులకు పోటీ సోషలిస్టు వర్గమైన మెన్షెవిక్కుల అభ్యర్థి స్త్రెల్కోవ్ గెలిచాడు. పరాయి దేశంలో ఈ ఎన్నిక న్యాయమేనంటారా?

గోదారిగట్టు: కాదు. 1896లో చైనా ఇచ్చింది రైలు దారి. రష్యా దాని మీద ఊళ్లు కట్టి, సొంత పోలీసునీ సొంత కోర్టునీ పెట్టింది. పైన రైల్వే అధిపతి జనరల్ హోర్వత్ పెత్తనం. చివరికి పోలింగ్ కూడా. ఆ నేల చైనా వాళ్లది, వాళ్లకేమో ఓటు లేదు.

ఎడారిపక్షి: అది రష్యా రాజ్యాంగ సభండీ. చైనా వాళ్లు దానికెందుకు ఓటెయ్యాలి? నేను దుబాయ్‌లో పనిచేస్తున్నాను. ఓటర్ల జాబితాలో పేరుంది, ఓటెయ్యాలంటే మాత్రం విమానమెక్కి ఊరికి రావాలి. పోయిన ఎన్నికలకు సెలవివ్వలేదు. వాళ్లకు ఓటు పెట్టె ఉన్నచోటికే వచ్చింది, ఆడవాళ్లకు కూడా ఓటుంది. తప్పేముంది?

పాతమ్యాపు: సైనికులు అక్కడి నివాసులెలా అవుతారు? ముందు అది తేల్చండి.

గోదారిగట్టు: దుబాయ్‌లో మన పోలీసులు లేరు కదా! మా నాన్న పొలాన్ని సర్కారు వాళ్లు కాలువకని తీసుకుని గెస్ట్‌హౌస్ కట్టారు. కాగితం మీద ఒకటి, నేల మీద ఇంకొకటి. హార్బిన్‌లో జరిగిందీ అదే.

ఎడారిపక్షి: మీ పొలం గొడవ ఇక్కడెందుకండీ?

గోదారిగట్టు: మీ సెలవు గొడవ ఎందుకు తెచ్చారు మరి?

పాతమ్యాపు: సైనికుల సంగతి ఎవరూ చెప్పరేం?

రైలుకట్ట: కాస్త ఆగండి. ఆ ఏడాది డిసెంబరులోనే బోల్షెవిక్ నేత ర్యూతిన్ నడిపిన హార్బిన్ సోవియట్, అంటే కార్మికుల, సైనికుల మండలి, అధికారం లాక్కోబోయింది. చైనా సైన్యం వచ్చి వాళ్ల మనుషుల తుపాకులు ఊడబెరికి, రష్యాలోకి పంపేసింది. రాజ్యాంగ సభేమో 1918 జనవరిలో ఒక్కసారి కూర్చుంది, బోల్షెవిక్కులు మళ్లీ కూర్చోనివ్వలేదు.

ఎడారిపక్షి: చూశారా! వర్క్‌షాపులో సమ్మెట కొట్టినవాడి ఓటును మింగింది లెనిన్ ప్రభుత్వం. మీ కోపమంతా ఆ కార్మికుడి మీదే. ఓటు మనిషిది. పొట్టకూటికి ఎక్కడికి పోయినా అది అతని వెంట ఉండాలి.

గోదారిగట్టు: కార్మికుడి మీద నాకు కోపం లేదు. రష్యా కాన్సులేటులో పెట్టె పెట్టి ఉంటే నేను నోరెత్తేవాణ్ని కాదు. చైనా జిల్లాల్ని రష్యా నియోజకవర్గమని రాసుకోవడమే నాకు మింగుడుపడనిది.

ఎడారిపక్షి: ఈ మాట మొదటే చెప్పాల్సింది. నియోజకవర్గమే లేకపోతే వాళ్లకంటూ ప్రతినిధి ఉండడు. కాన్సులేటు పెట్టెలో వేసిన ఓటు ఏ మాస్కో లెక్కలోనో కలిసిపోతుంది. నేను ఒప్పుకోను.

గోదారిగట్టు: కలిసిపోనివ్వండి. 1920లో చైనా ఆ పోలీసునీ కోర్టుల్నీ తన చేతిలోకి తీసుకుంది. ఆ పని ముందే జరగాల్సింది.