నాలుగుసార్లు నెగెటివ్ వచ్చింది. ఐదోసారి చేయించుకోవాలా?

రెప్పవాలనిరాత్రి:
కండోమ్ చిరిగిన రోజు నుంచి లెక్కపెడితే 20, 47, 62, 95వ రోజుల్లో హెచ్‌ఐవి పరీక్ష చేయించుకున్నాను. చివరి మూడూ సిర నుంచి రక్తం తీసి ల్యాబులో చేసిన నాలుగో తరం పరీక్షలు. అన్నీ నెగెటివ్. ఆ తర్వాత ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా మెడ దగ్గర గ్రంథులు ఉబ్బాయేమోనని రోజంతా తడుముకుంటున్నాను. తడిమి తడిమి అక్కడ నొప్పి పుట్టింది, ఇప్పుడు ఆ నొప్పినే లక్షణం అనుకుంటున్నాను. ఎల్లుండి ఐదో పరీక్షకు పేరు రాయించుకున్నాను. వెళ్ళాలా, మానాలా?

సూక్ష్మదర్శిని:
మానండి. చాలా ఏళ్ళు ల్యాబులో పనిచేసిన దాన్ని, అందుకే చెబుతున్నాను. నాలుగో తరం పరీక్ష మన శరీరం తయారుచేసే యాంటీబాడీలతో పాటు వైరస్‌కు చెందిన పీ24 అనే యాంటిజెన్‌ను కూడా వెతుకుతుంది. అది యాంటీబాడీల కంటే ముందే రక్తంలో కనిపిస్తుంది. అందుకే ఆ పరీక్షకు 45 రోజుల గడువు చాలు. మీ సంగతి 47వ రోజునే తేలిపోయింది. ఇక లక్షణాలంటారా, వాటిని బట్టి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. జ్వరానికీ గ్రంథుల వాపుకీ నూరు కారణాలుంటాయి.

ఒకటికిరెండు:
ఇంత ధీమా పనికిరాదు. ఒకరు 45 రోజులంటారు, మరొకరు 90 అంటారు. తెలిసినవాళ్ళకే ఒక మాట లేనప్పుడు మామూలు మనిషి జాగ్రత్తపడితే తప్పా? మా అన్నయ్యకు నెగెటివ్ అని చెప్పి పంపించారు. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. వెళ్ళు తమ్ముడూ, చేయించుకో. రక్తం ఇస్తే పోయేదేముంది? ఆ జబ్బు వస్తే బతుకే పోతుంది.

సూక్ష్మదర్శిని:
మాట తేడా కాదండీ, పరీక్షల్లో తేడా. 45 రోజులు నేను పైన చెప్పిన ల్యాబు పరీక్షకు. 90 రోజులు యాంటీబాడీలను మాత్రమే చూసే పరీక్షలకు, వేలి చుక్కతో అప్పటికప్పుడు చేసేవాటికి. మీ అన్నయ్యకు చేసింది ఏ పరీక్ష? ఎన్నో రోజున?

ఒకటికిరెండు:
మీకు రోజులే కావాలి, మనిషి అక్కర్లేదు. వేలి చుక్కే. పన్నెండో రోజున. మళ్ళీ రమ్మని ఒక్కరూ చెప్పలేదు. అచ్చం మీలాగే “తేలిపోయింది” అన్నారు.

సూక్ష్మదర్శిని:
పన్నెండో రోజున ఆ పరీక్షకు చిక్కేంత యాంటీబాడీలు ఒంట్లో ఉండవు. అలా చెప్పి పంపడం ఘోరమైన తప్పు. కానీ ఆ తప్పు నాది కాదు, 47వ రోజు పరీక్షదీ కాదు.

నీలిగవ్వ:
అడిగినాయన 95వ రోజు కూడా దాటారు. 45కీ 90కీ మధ్య మీ తగువుతో ఆయనకు పనే లేదు.

చిగురు:
తర్వాత ఎవరైనా చదువుతారని రాస్తున్నాను. కండోమ్ చిరిగితే 72 గంటల్లోపు వైద్యుణ్ణి కలవండి. వైరస్ సోకకుండా 28 రోజులు వాడే మందులున్నాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది.

పదకొండోసారి:
“పోయేదేముంది” అన్న మాటకు జవాబు చెప్పాలి. నేను రెండేళ్ళలో పదకొండుసార్లు చేయించుకున్నాను. నెగెటివ్ అని చూడగానే ప్రాణం లేచొచ్చేది. ఇంటికి చేరేలోపే రక్తం సీసాలు తారుమారయ్యాయేమో, నా ఒంట్లో అసలు యాంటీబాడీలే పుట్టవేమో అని కొత్త అనుమానం. నిద్ర పోయింది. ఉద్యోగం పోయింది. పిల్లవాడికి ముద్దు పెట్టడం మానేశాను, ముద్దుతో సోకదని తెలిసి కూడా.

చివరికి ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాను. ప్రతి పరీక్షా అనుమానానికి మేత వేయడమే అన్నారావిడ. పరీక్ష మానడం, మెడ తడుముకోకపోవడం, అనుమానం వచ్చినా తీర్చుకోకుండా అలాగే కూర్చోవడం, ఇదే చికిత్స. నరకం చూశాను. ఆ కూర్చోవడంలోనే తెలిసింది, నా భయం వైరస్ గురించి కాదని. పెళ్ళైన దాన్ని, చేయకూడని పని చేశాను. శిక్ష ఎప్పుడు పడుతుందా అని కాచుకుని ఉన్నాను. నెగెటివ్‌ను నమ్మితే నన్ను నేను క్షమించుకున్నట్టు. అందుకే నమ్మలేదు.

ఒకటికిరెండు:
అయితే ఇదంతా మనసు జబ్బేనా? మా అన్నయ్య కూడా మళ్ళీ వెళ్తానన్నాడు. అతనిదీ పిచ్చేనా? చెప్పండి!

పదకొండోసారి:
కాదు. ఆయన అడిగింది న్యాయం. ఆయనకు గడువు నిండలేదు. నాకూ ఈయనకూ నిండింది.

తెరచాప:
మొదటి నుంచీ చదువుతున్నాను. “ఆ జబ్బు వస్తే బతుకే పోతుంది” అన్న మాట దగ్గర ఆగిపోయాను. నాకు హెచ్‌ఐవి ఉంది. పద్నాలుగేళ్ళు దాటింది. రోజూ మందు వేసుకుంటాను. పరీక్షల్లో వైరస్ కనిపించనంతగా తగ్గి, చాలా ఏళ్ళుగా అలాగే ఉంది. అలా ఉన్నంతకాలం శృంగారం ద్వారా నా నుంచి ఎవరికీ సోకదు. నా భార్యకు లేదు, నా కూతురికి లేదు. మీరు ఆయన్ని బెదిరించడానికి వాడుకున్నది నా బతుకును. పాజిటివ్ అంటే చావే అని నమ్మినవాడికి ఎన్ని నెగెటివ్‌లు చూపిస్తే ధైర్యం వస్తుంది?

ఒకటికిరెండు:
ఆ మాటకు క్షమించండి.

మళ్ళీ వెళ్ళనా అని అన్నయ్య అడిగింది నన్నే. “వచ్చింది కదా నెగెటివ్, ఊరికే అనుమానపడకు” అన్నది నేను. మూడేళ్ళ తర్వాత క్షయతో ఆసుపత్రిలో చేరినప్పుడు బయటపడింది. మందులు మొదలుపెట్టారు, మనిషి దక్కలేదు. అందుకే ఎవరు అడిగినా వెళ్ళమనే అంటాను. మానమని మళ్ళీ నా నోటితో చెప్పలేను.

సూక్ష్మదర్శిని:
నేను రోజులు అడిగిన తీరు కరకుగా ఉంది. మన్నించండి. గడువు నిండకముందు చేసిన ప్రతి నెగెటివ్ కాగితం మీద మళ్ళీ ఏ తేదీన రావాలో రాసివ్వాలి. మీ అన్నయ్యకు ఆ ఒక్క పంక్తి రాసివ్వలేదు. మీకు చెప్పాల్సినవాళ్ళు కూడా చెప్పలేదు.

రెప్పవాలనిరాత్రి:
ఎల్లుండి పరీక్ష రద్దు చేసుకున్నాను. ఇది రాస్తూ రెండుసార్లు మెడ తడుముకున్నాను. పదకొండోసారి గారూ, మొదటి వారం ఎలా గడిపారు?

పదకొండోసారి:
చెయ్యి లేచినప్పుడల్లా గడియారం చూసి పది నిమిషాలు ఆపేదాన్ని. తర్వాత పదిహేను. మొదటి రోజు మూడుసార్లే ఆపగలిగాను. మీరు కూడా మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి, ఒంటరిగా చేయకండి. రాత్రిళ్ళు మరీ కష్టమైతే ఇక్కడ రాయండి, నేను మెలకువగానే ఉంటాను.